వీధి చివరి లారీ

జవహర్‌నగర్,
ఆదివారం మధ్యాహ్నం.

నా బంగారు బిడ్డ రెబెక్కాకు,

అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి కాసేపు ఆగాను. మేమంతా అంటే నేనూ, మన తెల్ల పిల్లీ. ఇద్దరం బాగానే తిరుగుతున్నాం. అక్కడ మఠంలో నువ్వూ, మదర్ గారూ, నీతో ఉన్న పిల్లలందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పొద్దున గుడికి వెళ్ళి ఫాదర్ గారి పూజ చూసుకుని వచ్చాను. ఇవాళ మెస్సుకు సెలవు పెట్టాను. తొందరేమీ లేదు కాబట్టి నువ్వు అడిగినవన్నీ ఒక్కొక్కటిగా చెబుతాను.

మోకాలి నొప్పి గురించి అడిగావు. ఉంది, పోలేదు. కాకపోతే మెస్సులో ఇప్పుడు నన్ను పొయ్యి దగ్గర నుంచి తీసి కూరగాయలు తరిగే చోట కూర్చోబెట్టారు. ఇంజనీరింగ్ పిల్లల సంగతి నీకు తెలిసిందే, బెండకాయ వండిన రోజు గిన్నె గిన్నెలాగే తిరిగొస్తుంది. ఆలుగడ్డ వేపుడైతే మళ్ళీ మళ్ళీ ప్లేటు పట్టుకుని నిలబడతారు. వాళ్ళలో సన్నగా ఉండే ఒక పిల్ల నడక అచ్చం నీ నడకే. ఆ పిల్లకు కొంచెం ఎక్కువ పెట్టమని వడ్డించేవాళ్ళకు చెబుతుంటాను.

నీతో కాలేజీలో చదివిన జోయాకు పెళ్ళి కుదిరిందా అని అడిగావు. కుదరలేదు, ఆ పిల్లే వద్దంది. కండ్లకోయ ఐటీ పార్కులో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే స్కూటీ మీద పోతూ నన్ను చూస్తే ఆగి నీ గురించి అడుగుతుంది. నీకు ఫోన్ చేయడానికి వీల్లేదని తెలిసీ నీ నంబరు ఇంకా తీసేయలేదట.

డంపింగ్ యార్డు వాసన తగ్గిందా అని రాశావు. చెత్తగుట్ట మీద మట్టి కప్పారు. ఎండలకు కొంచెం నయం. వాన పడిందంటే మళ్ళీ మామూలే. మనకు ఎన్నో ఏళ్ళుగా అలవాటైన వాసన కదా, చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే తప్ప మనకు గుర్తే రాదు.

సాయంత్రాలే కష్టంగా ఉంటాయి. టీవీ పెడతాను గానీ చూడను, ఇంట్లో ఒక మాట వినపడితే చాలు. అన్నం వండితే రెండు పూటలకు సరిపోతుంది. ఎంత తగ్గించి వండినా మిగులుతుంది. నాలుగేళ్ళయినా నా చెయ్యి కొలత మార్చుకోలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. నువ్వు వెళ్ళిన దగ్గర నుంచీ ప్రతి ఉత్తరం చివరా అదే రాస్తావు, నాయన జాడ ఏమైనా తెలిసిందా అని. లేదమ్మా, ప్రార్థన చెయ్యి అని నేనూ ప్రతిసారీ అదే జవాబు రాసేదాన్ని. ఈసారి అలా రాయలేను.

బిడ్డా, మీ నాయన దొరికాడు. బతికి లేడు.

ఇది చదివేటప్పుడు నీ పక్కన ఎవరైనా ఉండేలా చూడమని మదర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఎందుకని ఆమె అడిగింది. ఇంటి నుంచి ఉత్తరం వస్తుందని మాత్రం చెప్పాను. ఈ కబురు ఇంకొకరి నోటి నుంచి నీకు అందకూడదని నా పట్టుదల. పోయినసారి మఠం ఫోన్లో నువ్వు మాట్లాడుతున్నప్పుడు గొంతు దాకా వచ్చింది. నీ వెనక ఎవరో గంట కొట్టారు, నువ్వు ఉంటానన్నావు, నేను సరేనన్నాను.

నీకు తెలిసిన సంగతులే అయినా మొదటి నుంచి చెబితే గానీ నాకు చెప్పడం రాదు. ఓపికగా చదువు.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికే మీ నాయన మతిమరుపు బాగా ముదిరింది. లారీ నడపడం మాని ఆరేళ్ళయినా, తెల్లవారగానే చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"గాడీ లోడ్ అయిందా? నాగపూర్ పోవాలె. జల్దీ బువ్వ పెట్టు" అనేవాడు.

అన్నం పెట్టి, లోడు రేపటికి వాయిదా పడిందని చెబితే సరేనని కూర్చునేవాడు. ఒకసారి దేవరయాంజాల్ దాకా నడిచిపోయి గుడి దారిలో ఒక ట్రాక్టరు పక్కన నిలబడితే, అక్కడివాళ్ళు నీళ్ళిచ్చి కూర్చోబెట్టి మనకు కబురు చేశారు. ఆ తర్వాతే కదా నువ్వు ఆయన చొక్కా జేబు లోపల నా ఫోన్ నంబరు కుట్టావు.

ఆగస్టులో ఆ వాన రోజు నువ్వు కాలేజీలో ఉన్నావు, నేను మెస్సులో ఉన్నాను. పక్కింటి జహేదా ఒక కన్నేసి ఉంచేది గానీ ఆ వానకు వాళ్ళింట్లోకి నీళ్ళొస్తుంటే ఎత్తిపోసుకుంటోంది. నేను వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, ఆయన లేడు.

వెతకడం నీకు గుర్తే ఉంటుంది. మీ చిన్నాయన ఫిలిప్ మేడ్చల్ హైవే మీద లారీలు ఆగే చోటల్లా తిరిగాడు. శామీర్‌పేట దాబాల్లో ఫోటో చూపించాడు. నాగపూర్ పోయే డ్రైవర్లను పట్టుకుని బతిమాలాడు. అన్న ఎక్కడున్నా లారీ దగ్గరే ఉంటాడని వాడి నమ్మకం. వాడి నమ్మకం తప్పు కాదు బిడ్డా. కదిలే బండ్లన్నీ వెతికాం.

మన వీధి చివర, తుమ్మ పొదల పక్కన నిలిచిపోయిన లారీ ఉండేది, గుర్తుందా? ఫైనాన్సు వాళ్ళు ఎవరి దగ్గరో పట్టుకొచ్చి అక్కడ పెట్టారు. కోర్టు గొడవల్లో పడి కదలలేదు. ముందు అద్దాలకు నీలం పట్టా కట్టి ఉండేది. పిల్లలు దాని వెనక చక్రాన్ని వికెట్లుగా పెట్టుకుని ఆడేవాళ్ళు. మీ నాయన తప్పిపోవడానికి కొద్ది రోజుల ముందే అది వచ్చింది.

ఈమధ్య కేసు తేలి దాన్ని వేలం వేస్తే, పాత ఇనుప కొట్టు ఖాలిక్ చాచా తుక్కు కింద కొన్నాడు. పోయిన నెల ముక్కలుగా కోయడం మొదలుపెట్టాడు. ఆ రోజు నేను సొరకాయలు తరుగుతుంటే మెస్సు గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారన్నారు. వెళ్ళి చూస్తే చాచా. చేతులకు మసి, తల మీద టోపీ లేదు. ఎప్పుడూ నన్ను చూడగానే ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు నేల చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, జర కూసో" అన్నాడు.

నేను కూర్చోలేదు. ఆయన ఎందుకొచ్చాడో నాకు అర్థమైపోయింది. ఏడ దొరికిండని అడిగాను.

"మన గల్లీ మూలకే అక్కా. నేను కోస్తున్న లారీల. సీటు ఎనక పండుకునే జాగ ఉంటది గదా, పరదా ఏసి ఉండె. తీసి చూసిన." మసి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "అన్ననే. అంగీ జేబుల నీ నంబర్ కుట్టి ఉన్నది."

నువ్వు కుట్టిన దారం నాలుగేళ్ళకు కూడా ఊడలేదు.

ఫోటో తీయడానికి ఎగబడిన కుర్రాళ్ళను చాచా దగ్గరికి రానివ్వలేదట. క్యాబిన్‌కు తన దుప్పటి అడ్డం కట్టి, పోలీసులకు ఫోన్ చేసి, కొడుకు రహీల్‌ను కాపలా పెట్టి నా దగ్గరికి వచ్చాడు. ఆ మనిషి మేలు మనం మరిచిపోకూడదు.

చూడొద్దని అందరూ అన్నారు. చూశాను. భయపడకు, నీకు చెప్పగలిగిందే చెబుతున్నాను. ఎముకలు, బట్టలు, అంతే. పక్కకు తిరిగి పడుకున్నాడు. తువ్వాలు మడిచి తల కింద పెట్టుకున్నాడు. చెప్పులు సీటు కింద పక్కపక్కన విప్పి పెట్టాడు. లారీ దిగిన దగ్గర నుంచీ మన ఇంట్లో ఒక్కనాడైనా అలా విప్పాడా? వాకిట్లో ఒకటి, వంటింట్లో ఒకటి దొరికేవి. ఆ రోజు మాత్రం తన బండి ఎక్కానని అనుకున్నాడు. డ్రైవరుగా ఉన్నప్పటి క్రమశిక్షణ అంతా తిరిగి వచ్చినట్టుంది. వాన తగ్గాక బయలుదేరదామని నడుం వాల్చి ఉంటాడు.

ఎస్సై పద్మలత మేడమ్ గుర్తుందా, మొదట్లో మనింటికి వచ్చేది? వేరే చోటికి బదిలీ అయినా విని చూడటానికి వచ్చింది. నా పక్కన కూర్చుంది.

"నేను జీపు ఆ లారీ పక్కకే ఆపి మీ ఇంటికి నడిచొచ్చేదాన్నమ్మా. ఎప్పుడొచ్చినా ఆడనే" అంది.

ఆమెను ఏమనగలను? ఆ ఏడు వాసన ఎంత ఘోరంగా ఉందో నీకూ తెలుసు. వీధి వీధంతా డంపింగ్ యార్డు దగ్గరికి పోయి ధర్నా చేశాం. నేనూ ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చున్నాను. మా మనిషి తప్పిపోతే దిక్కు లేదు, ఈ కంపుకైనా దిక్కు చూడండి అని అరిచాను. కంపు వస్తే చెత్తగుట్ట వైపు చూడటమే మనకు తెలుసు. ఇంకోవైపు చూడాలని ఎవరికీ తోచలేదు.

ఇంకొకటి చెప్పాలి. చెప్పకపోతే నువ్వే లెక్క వేసుకుంటావు, అందుకని చెబుతున్నాను. నాయన తప్పిపోయాడన్న పోస్టర్లు నేనూ నువ్వూ మైదా ఉడకబెట్టి అంటించాం కదా. ఆ లారీ తలుపు మీద అంటించింది నేనే. రాయి మీద ఎక్కి, ముడతలు పడకుండా అరచేత్తో పామాను. లారీ కోసే నాటికి కూడా ఆయన ఫోటో సగం చెరిగి అక్కడే ఉంది. ఆ రేకుకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆయన ఉన్నాడు. అప్పటికి ఊపిరి ఉందో లేదో తెలియదు. డాక్టరును అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత చెప్పలేమమ్మా అన్నాడు. అబద్ధమైనా సరే, మొదటి రోజే పోయాడని చెబితే బాగుండేది. ఆయన నిజాయితీపరుడు, చెప్పలేదు.

మీ చిన్నాయన పరిస్థితి నాకంటే అన్యాయం. వెతికిన రోజుల్లో వాడొకసారి ఆ లారీ తలుపు లాగి చూశాడట. రాలేదు. తాళం వేసి ఉందనుకుని హైవేకు పోయాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. అప్పుడు లోపల గడియ వేసుకుని పడుకుని ఉంటాడనీ, బయటి నుంచి ఎంత లాగినా ఆ తలుపు రాదనీ ఖాలిక్ చాచా వాడికి రోజూ చెబుతున్నాడు. నిజమో, వాడి కోసం చెబుతున్నాడో నేను అడగలేదు.

నువ్వు కూడా, బిడ్డా, కాలేజీ బస్సు కోసం ఆ లారీ నీడలోనే నిలబడేదానివి. ఆయన తప్పిపోయాక కూడా, చదువు అయ్యేదాకా. జోయా ఇది తలుచుకుని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను ఆ పిల్లతో ఒక మాట అన్నాను, నీకూ అదే చెబుతున్నాను. మీరిద్దరూ అక్కడ నిలబడి ఊరికే ఉండేవాళ్ళు కాదు. నవ్వుకునేవాళ్ళు, పాఠాలు అప్పజెప్పుకునేవాళ్ళు. ఆయన పక్కన రోజూ పొద్దున ఆయన బిడ్డ గొంతు వినిపించింది. నాకు దొరికిన ఓదార్పు అదొక్కటే. నీకు పనికొస్తే ఉంచుకో.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది.

ఆయన తప్పిపోయిన మరుసటి నెల, మరియమ్మ పుట్టినరోజు పండుగ నాడు నువ్వు గుడిలో మోకాళ్ళ మీద ఉండి మొక్కుకున్నావు. నాయన ఇంటికి వస్తే నా బతుకు దేవునికి ఇచ్చేస్తానని. డిగ్రీ అయిపోయాక మఠానికి పోతానన్నావు. ఆయన ఇంకా రాలేదు కదమ్మా, వచ్చాక పోదువులే అన్నాను. నువ్వు అన్న మాట నా చెవిలోనే ఉంది.

"ముందే ఇచ్చేస్తే దేవుడు మాట తప్పడమ్మా. ఇచ్చినంక అడుగుత."

కాచిగూడలో నిన్ను బళ్ళారి రైలు ఎక్కించి వస్తుంటే ఆ మాటే పట్టుకుని ఇల్లు చేరాను. నా బిడ్డ ఇంత ఇచ్చింది, ఆయన రాకుండా ఎలా ఉంటాడు అనుకున్నాను.

నువ్వు మొక్కుకున్న రోజుకే ఆయన ఆ పరదా వెనక పడుకుని ఉన్నాడు రెబెక్కా. నువ్వు అడిగింది ఇవ్వడానికి అప్పటికే వీల్లేకుండా పోయింది.

రాబోయే మోక్షారోపణ పండుగ నాడు నువ్వు సిస్టరుగా దేవునికి మాట ఇచ్చే మొదటి మాటపట్టు అని మదర్ గారు పంపిన కార్డు, ఖాలిక్ చాచా వచ్చిపోయిన వారంలోనే వచ్చింది. అందులో నీ పేరు అచ్చులో చూశాను. అప్పటి నుంచీ నెల రోజులుగా నాలో నేను కొట్లాడుకుంటున్నాను. మాటపట్టు అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు సంతోషంగా నిలబడతావు, ఆ రోజును పాడు చేయడమెందుకని. కానీ అలా చేస్తే, లేని మనిషి కోసం నువ్వు మాట ఇస్తుంటే నేను తెలిసి చూస్తూ కూర్చున్నట్టు అవుతుంది. అందుకని చెప్పాలనుకున్నాను. పెన్ను పట్టుకోగానే ఇంకో భయం పట్టుకుంది. నీ మంచికి చెబుతున్నానా, నిన్ను వెనక్కి రప్పించుకోవడానికి చెబుతున్నానా అని.

నిజం చెప్తున్నాను. నువ్వు వచ్చేస్తే బాగుండునని ఉంది. చాలా ఉంది. ఇన్నేళ్ళు రమ్మని నీకు ఒక్కసారి కూడా రాయలేదు, అడిగితే నీ మనసు వంగుతుందని. ఆయన తప్పిపోయిన ఈ నాలుగేళ్ళూ నేను ఒంటరిదాన్నే అనుకున్నాను గానీ, ఇప్పుడు చూస్తే అప్పుడు ఎదురుచూడటమన్నా ఉండేది. గేటు చప్పుడైతే లేచేదాన్ని. కూరలో కారం ఆయనకు తగ్గట్టు వేసేదాన్ని. ఇప్పుడు గేటు చప్పుడైతే అది జహేదా అని నాకు తెలుసు. ఆయన దొరికాక ఇల్లు ఇంత ఖాళీ అవుతుందని అనుకోలేదు.

ఇదంతా నీ మీద బరువు వేయడానికి కాదు. దాచిపెడితే నీకు తప్పుడు లెక్క ఇచ్చినట్టు అవుతుంది. ఫాదర్ గారిని కూడా అడిగాను. దుఃఖంలో చేసిన మొక్కుకు దేవుడు పిల్లల మెడ పట్టుకోడమ్మా, తెలిసి ఇస్తేనే అది ఇవ్వడం అన్నారు. ఆ తర్వాత నీ ఇష్టం. పోయిన ఏడాది నువ్వు రాసిన ఉత్తరాల్లో అక్కడి కుష్ఠు ఆసుపత్రి ముసలమ్మల గురించే ఎక్కువ రాశావు, మీ నాయన గురించి చివర ఒక్క ముక్క. అది నేను గమనించకపోలేదు. నీకు అక్కడే ఉండాలనిపిస్తే ఉండు. ఆయన కోసం ఉండకు, నా కోసం రాకు. నేను కూరగాయలు తరుగుతాను, పిల్లి ఉంది, జహేదా ఉంది. బతుకుతాను.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. సమాధి కార్యానికి రా. తొడ ఎముకలో పాత యాక్సిడెంటు నాటి ఇనుప పట్టీ ఉంది, పోల్చి చూడటానికి ఫిలిప్ రక్తం కూడా తీసుకున్నారు, ఆయనేనని రిపోర్టు వచ్చింది. వచ్చే వారం అప్పగిస్తామన్నారు. నువ్వు వచ్చేదాకా ఆపమని ఫాదర్ గారికి చెప్పాను. సెలవు కోసం మదర్ గారితో నేనే మాట్లాడతాను. కార్యం అయ్యాక నువ్వు తిరిగి పోతానంటే కాచిగూడకు నేనే వచ్చి ఎక్కిస్తాను, ఈసారి ఏడవకుండా.

పెట్టె బరువేమీ ఉండదట. ఒక్క మనిషి చంకలో పెట్టుకుని నడవొచ్చట. ఫిలిప్ ఒక్కడే మోస్తానన్నాడు. వద్దన్నాను. ఒక వైపు వాడు పట్టుకుంటాడు. రెండో వైపు నువ్వు పట్టుకో.

ఇట్లు,
సాలోమోను భార్య,
నీ అమ్మ,
రాహేలు.